గుమ్మం లేని చోటు

నా పెళ్ళి విందు ఎక్కడ పెట్టాలన్న గొడవ మా ఇంట్లో రెండు నెలలు నడిచింది. పెళ్ళికొడుకు కుదిరిపోయాడు. చర్చిలో పెళ్ళి ఏ రోజన్నది పాస్టరు గారు బడి సెలవులు చూసి చెప్పేశారు. రవికలు దర్జీ దగ్గరికి వెళ్ళి, కుట్టించుకుని తిరిగి కూడా వచ్చేశాయి. వచ్చిన జనం కూర్చుని నాలుగు మెతుకులు తినే చోటు మాత్రం దొరకలేదు. చోటు దొరక్క కాదు, దొరికిన ప్రతి చోటికీ మా అమ్మ వంక పెట్టడం వల్ల. నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం. ఇప్పుడు పళ్ళన్నీ ఊడాయి గానీ కోపం ఒక్కటే ఊడలేదు. ఆ రెండు నెలలూ నేను అమ్మతో పోట్లాడని పూట లేదు.

అమ్మ వంకలకి కారణం ఒక్కటే, మా మావయ్య.

మా నాన్న మిషను బడిలో మేష్టారు. పుట్టుకతో మేమంతా వలలు వేసుకుని బతికేవాళ్ళమే. గోదారి సముద్రంలో కలిసే దగ్గర, మడ అడవి అంచున ఉన్న పాలెం మాది. రాణిగారి బొమ్మ ఉన్న రూపాయలు చెల్లే రోజులవి. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మా నాన్నా బాప్తిస్మం తీసుకున్నారు. ఆ వారంలోనే కులపెద్దలు కూర్చుని మమ్మల్ని వెలివేశారు. ఆ పెద్దల్లో అందరికంటే గట్టిగా మాట్లాడినవాడు మా అమ్మ సొంత అన్నయ్య. నడుం లోతు నీళ్ళలో నిలబడి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, "నీ గుమ్మం తొక్కను, నీ ఇంట మెతుకు ముట్టను" అని గంగ మీద ఒట్టు వేశాడట. మేము అరకోసు దూరంలో, మిషను కాంపౌండు పక్కన ఇల్లు కట్టుకున్నాం. పన్నెండేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ దారిన రాలేదు.

అత్త మాత్రం వచ్చేది. మావయ్య పెళ్ళాం. వారానికి రెండుసార్లు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మా ఇంటి ముందు దించేది. ఒట్టు వేసింది తన మొగుడు గానీ తను కాదని ఆవిడ వాదన. అయినా మెట్టు మీదే కూర్చునేది, లోపలికి వచ్చేది కాదు. అమ్మ చేపలు ఏరుతున్నట్టు చాలాసేపు తట్టలో చెయ్యి తిప్పుతూ, "అన్నయ్యకి దగ్గు తగ్గిందా వదినా" అని అడిగేది. అత్త తట్ట సర్దుతూ జవాబు చెప్పేది. మంచి పండుగప్ప ఉంటే అడుగున దాచి తెచ్చేది. అది ఎవరు దాచమన్నారో అమ్మా అడగలేదు, అత్తా చెప్పలేదు.

నా పెళ్ళి మాట వచ్చినప్పుడు అమ్మ ఒకే ముక్క అంది. "మా వాళ్ళలో మేనమామ చీర పెట్టకుండా పిల్ల పీట ఎక్కదు. చర్చిలో పీటలుండవు, నాకు తెలుసు. చీర లేకపోయినా సర్దుకుంటాను. మా అన్నయ్య వచ్చి పంక్తిలో కూర్చుని ఒక్క ముద్ద తినాలి. ఆయన తినని పెళ్ళి నాకు పెళ్ళి కాదండీ."

నాన్నకి అమ్మ మాటంటే భయం, కన్నీళ్ళంటే అంతకంటే భయం. చోటు వెతకడం మొదలుపెట్టాడు.

ముందు మిషను వాళ్ళ బడి సావిడి చూశాం. దొరసాని గారు సంతోషంగా ఇస్తానన్నారు, బెంచీలు కూడా వేయిస్తానన్నారు. మగపెళ్ళివారు పెద్దాపురం వైపు వాళ్ళు, పెళ్ళికొడుకు కాకినాడ రేవులో గుమాస్తా. అలాంటి వాళ్ళకి అదే తగిన చోటని నాన్న మురిసిపోయాడు. అమ్మ గేటు వైపు చూపించింది. "మన గుమ్మమే తొక్కనన్నవాడు దొరల గేటు దాటి వస్తాడా?"

తర్వాత నాన్న కాకినాడలో ఒక సత్రానికి వెళ్ళాడు. అక్కడి గుమాస్తా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "మీరేమిట్లండీ?" అని కులం అడిగాడు. నాన్న క్రైస్తవులమని చెప్పాడు. "అది కాదండీ, అంతకు ముందు?" నాన్న అదీ చెప్పాడు. రెండు జవాబుల్లో ఏదీ ఆయనకి పనికిరాలేదు. కళ్ళజోడు కిందికి దించుకుని మళ్ళీ రాసుకోవడంలో పడ్డాడు. నాన్న ఆ సంగతి నవ్వుతూనే చెప్పాడు గానీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఆ పైన కాలవ గట్టున ఒక ధాన్యం కొట్టు. అప్పుడు ఖాళీగా ఉంది. యజమాని చాలా మంచివాడు, ఊరికే వాడుకోమన్నాడు. అమ్మ, నేను కలిసి చూడ్డానికి వెళ్ళాం. తలుపు తీయగానే పిల్లి కంటే పెద్ద పందికొక్కులు రెండు మా కాళ్ళ పక్కనుంచే తీరిగ్గా బయటికి నడిచాయి. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మా అన్నయ్య వస్తాడో రాడో గానీ వీళ్ళు మాత్రం తప్పకుండా వస్తారు" అంది. నవ్వొచ్చింది గానీ కోపంలో ఉన్నాను కదా, నవ్వలేదు.

"ఆయన రానప్పుడు ఎక్కడ పెడితే ఏంటమ్మా? పన్నెండేళ్ళు మన మొహం చూడనివాడి కోసం నా పెళ్ళి నడిరోడ్డు మీద చేస్తావా?" అని ఆ రోజు దారి పొడుగునా సాధించాను.

"నీకు అన్నయ్య లేడు. నీకు తెలీదు" అంది అమ్మ.

చివరికి చోటు దొరికింది నాన్నకే. ఒక సాయంత్రం బడి నుంచి ఇంటికి రాకుండా నది వైపు నడిచి వెళ్ళి, చీకటి పడకముందే రొప్పుకుంటూ వచ్చాడు. మర్నాడు మమ్మల్ని తీసుకెళ్ళి చూపించాడు. పాలేనికీ మా ఇంటికీ సరిగ్గా మధ్యలో, ఒడ్డుకి ఆనుకుని నదిలోకి చొచ్చుకుపోయిన ఇసుక తిప్ప. చాప పరిచినట్టు చదునుగా ఉంది. మూడు వైపులా నీళ్ళు, చల్లటి గాలి, అవతల మడచెట్లు. అది మిషనుదీ కాదు, పాలేనిదీ కాదు.

నాన్న ఆ ఇసుక మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపాడు. "ఇక్కడ గుమ్మం ఎక్కడుందో మీ అన్నయ్యని చూపించమనవే."

అమ్మ చుట్టూ చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "బావుందండీ" అంది. రెండు నెలల్లో ఆ మాట వినడం అదే మొదటిసారి. నాకు గుండెల మీద నుంచి రోలు దించినట్టయింది. ఎక్కడో ఒకచోట నా పెళ్ళి భోజనాలు జరుగుతాయన్న నమ్మకం కుదిరింది.

ఆ మర్నాడు అత్త తట్ట దించగానే అమ్మ సంగతంతా చెప్పింది. తిప్ప మీద విందు, అక్కడ గుమ్మమూ లేదు, ఇల్లూ లేదు, అన్నయ్య వస్తే ఒట్టు తప్పినట్టు కాదు అని. అత్త అంతా విని, "ఏ రోజు?" అని అడిగింది.

"ఇవాళ్టికి మూడు వారాలకి, గురువారం. సాయంత్రం చర్చి, పొద్దు వాలే వేళకి భోజనాలు."

అత్త బొటనవేలితో వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తడుముకుంటూ లెక్కపెట్టింది. రెండుసార్లు లెక్కపెట్టింది. పెళ్ళికి ఇంకా ఎన్ని రోజులుందో చూసుకుంటోందనుకున్నాను. "సరే అమ్మాయ్, చెప్తాను" అని తట్ట ఎత్తుకుంది.

తర్వాతి సారి వచ్చినప్పుడు అమ్మ ఇంకా చేపల వంక కూడా చూడకుండానే, "ఏమన్నాడు వదినా?" అంది.

"ఏమీ అనలేదు. నవ్వాడు."

అమ్మ మొహం చూడలేకపోయాను. తిట్టినా బావుండేది. పన్నెండేళ్ళ తర్వాత పిలిస్తే నవ్వుతాడా మనిషి? అమ్మ ఆ రోజు చేపలు కొనలేదు. ఆ పైన చోటు గురించి గానీ అన్నయ్య గురించి గానీ ఒక్క మాట ఎత్తలేదు. పిండివంటలకి బియ్యం నానబోసింది, బెల్లం దంచింది, అన్నీ చేసింది, నోరు మాత్రం విప్పలేదు. అమ్మ వంకలు పెట్టడమే నయమనిపించింది నాకు.

పెళ్ళి రోజు వచ్చింది. మగపెళ్ళివారు కాలవ పడవలో దిగారు. మూడు గంటలకి చర్చి గంట కొట్టారు, ఉంగరం పెట్టారు, కీర్తనలు పాడారు. అమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి తలుపు వైపు చూడటం నేను ముసుగులోంచే చూశాను. తలుపు దగ్గర ఎండ తప్ప ఎవరూ లేరు.

చర్చి నుంచి అందరం తిప్పకి నడిచాం. నలభై మందిమి ఉంటాం. వంటవాళ్ళు ముందే వెళ్ళి ఇసుకలో బారుగా గాడిపొయ్యి తవ్వి గుండిగలు ఎక్కించారు. అప్పటికే మాంసం ఉడికి దిగింది, పాయసం పొయ్యి మీద ఉంది. పెద్ద వంటవాడు నాన్న దగ్గరికి వచ్చి, "ఇసుక బాగా తడిగా ఉందండి మేష్టారూ" అన్నాడు. "నది ఒడ్డు ఇసుక తడిగా కాక అటుకుల్లా పొడిగా ఉంటుందా?" అన్నాడు నాన్న. మామూలుగా చిన్న హాస్యానికే ఆయన నవ్వుకునేవాడు. ఆ రోజు బాగా నవ్వుకున్నాడు.

చాపలు పరిచారు. అరిటాకులు వేయబోతుంటే నేను కూర్చున్న చాప అడుగు నుంచి చల్లగా తగిలింది. చెయ్యి పెట్టి చూస్తే నీళ్ళు. పక్కవాళ్ళ చెంబు ఒలికిందేమో అనుకున్నాను. అంతలో పొయ్యి వైపు నుంచి బుస్సుమని ఒకటే చప్పుడు, పొగ. నీళ్ళు అంచుల మీంచి రాలేదు. ఇసుక అడుగు నుంచి ఊరి, తవ్విన గాడిలోకి చేరి, మంటని ఆర్పేస్తున్నాయి. తలెత్తి చూస్తే మేము నడిచి వచ్చిన దారి లేదు. అక్కడ గోదారి ఉంది. మడచెట్ల మీదుగా తాంబాళమంత చంద్రుడు లేస్తున్నాడు.

నాన్న ఆ చంద్రుణ్ణి చూశాడు. ఆయన మొహంలో రంగు పోయింది.

పౌర్ణమి. పౌర్ణమి పోటు. మేము చోటు చూసింది అష్టమి రోజుల్లో, నీళ్ళకి ఊపు లేనప్పుడు. పాలెంలో నడక రాని పిల్లకి కూడా తెలిసిన సంగతి అది, పౌర్ణమికీ అమావాస్యకీ తిప్పలన్నీ మునుగుతాయని. మా నాన్న ఆ పాలెంలోనే పుట్టాడు, ఇరవై ఏళ్ళు వల లాగాడు. పన్నెండేళ్ళు బడిగంటకీ గోడమీది కాలెండరుకీ అలవాటుపడి, ఆకాశం వైపు చూడటం మానేశాడు. పాస్టరు గారు గురువారం అంటే గురువారం అనుకున్నాడు. ఆ గురువారం ఏ తిథో ఆయనకీ తట్టలేదు, అన్నయ్య ధ్యాసలో ఉన్న అమ్మకీ తట్టలేదు.

మనుషులు మునిగేంత నీళ్ళు కావవి. మోకాళ్ళ దాకా వస్తాయి, దారిలో మాత్రం నడుం దాటుతాయి. కానీ పిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు, గుండిగల నిండా వండిన అన్నం ఉంది. ఆకుల కట్ట అప్పుడే తేలుకుంటూ ఎగువ దారి పట్టింది. పెద్దాపురం నుంచి వచ్చిన మా మావగారు కోటు పైకి ఎత్తి పట్టుకుని, పంచె చెక్కుకుని, "గోదారి ఇంత మర్యాదగా ఎదురొస్తుందని మాకు తెలీదండి" అన్నారు. ఆయన సరదాకే అన్నారు. నాన్నకి మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరి కోసం ఈ తిప్ప మీదికి వచ్చామో ఆ మనిషి రానే లేదు, మేము మాత్రం పెళ్ళిబట్టల్లో పొంగు నీళ్ళలో నిలబడ్డాం.

అప్పుడు మడచెట్ల మలుపు దగ్గర నావ తోసే గెడ నీళ్ళలో పడుతున్న చప్పుడు వినిపించింది. ఒకటి కాదు, నాలుగు నావలు. ముందు నావలో ఒక మనిషి నిలబడి గెడ వేస్తున్నాడు. నాకు ఆయన మొహం గుర్తు లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకున్న తీరుని బట్టే ఎవరో తెలిసింది.

నావ తిప్పకి ఆనకుండానే ఆపాడు. నాన్నని పైనుంచి కింది దాకా ఒకసారి చూశాడు.

"ఏంటి బావా, పిల్లలకి లెక్కలు చెప్తావంటగా. తిథి లెక్క నీకెవరు చెప్పాలి?"

నాన్న తలొంచుకుని తడిసిన పంచె ఎగ్గట్టుకున్నాడు.

"ముందు గుండిగలు ఎక్కించండి" అన్నాడు మావయ్య వంటవాళ్ళతో. "మనుషులు తడిసినా ఆరతారు. అన్నం తడిస్తే పనికిరాదు."

గుండిగలు ఎక్కాయి, ముసలివాళ్ళు ఎక్కారు, పిల్లలు ఎక్కారు, దొరసాని గారిని ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. నన్ను మావయ్యే రెండు చేతులతో ఎత్తి నావలో కూర్చోబెట్టాడు. మా వాళ్ళ పెళ్ళిళ్ళలో పిల్లని ఎత్తుకొచ్చేది మేనమామే. ఆ సంగతి ఆయనా అనలేదు, అమ్మా అనలేదు. నాలుగు నావల్నీ మడచెట్ల నీడకి తీసుకెళ్ళి, పక్కపక్కన చేర్చి తాళ్ళతో కట్టారు. సావిడంత చోటు తయారైంది.

ఆకులు పోయాయని నాన్న గొణిగాడు. అత్త వెనక నావలోంచి కడిగి తుడిచిన అరిటాకుల కట్ట తీసి ఇచ్చింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. మావయ్య కళ్ళు మూసుకోలేదు గానీ గెడ పక్కన పెట్టి నిలబడ్డాడు. వడ్డన అయింది. అందరూ ఆకుల ముందు కూర్చున్నారు. మా వైపు వాళ్ళెవరూ చెయ్యి పెట్టలేదు.

మగపెళ్ళివారు మా మొహాలు చూశారు. మా మావగారు మెల్లిగా, "ఇంకా ఏమన్నా ఉందాండీ?" అని నాన్నని అడిగారు.

ఉంది. నావలో ఒక పద్ధతి ఉంది. నావలోకి అన్నం ఎక్కితే మొదటి ముద్ద గంగకి, రెండో ముద్ద నావ నడిపేవాడికి. అతను తినకుండా ఆ నావలో ఎవరూ తినకూడదు. తను పస్తుండి జనాన్ని పెట్టుకుని గెడ వేసేవాడి చేతిలో ప్రాణాలు పెట్టకూడదని పెద్దల ఉద్దేశం. బాప్తిస్మం తీసుకున్నా మా నాన్న ఆ పద్ధతి మర్చిపోలేదు. పోటు మర్చిపోయాడు గానీ ఇది మర్చిపోలేదు. ఆ మాటే మా మావగారికి చెప్పాడు. ఆయన ఆకు మీది నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

నలభై మంది, ఎదురుగా పొగలు కక్కే అన్నం, ఒక్కళ్ళూ కదల్లేదు. అమ్మ ఆకు ఒకటి తీసుకెళ్ళి మావయ్య ముందు వేసింది. అన్నం పెట్టింది, మాంసం పెట్టింది. ఆకు దాటి పారేంత పులుసు పోసింది. "అన్నయ్యా" అని మాత్రం అంది.

మావయ్య ఆకు వంక చూశాడు. చుట్టూ ఉన్న తన మనుషుల వంక చూశాడు. వాళ్ళలో ఇద్దరు కులపెద్దలే. వాళ్ళు నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు. ఒక ముద్ద కలిపి నీళ్ళలో వదిలాడు. పాస్టరు గారు అదే సమయానికి చంద్రుణ్ణి చాలా శ్రద్ధగా చూశారు. రెండో ముద్ద కలిపి మావయ్య నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు.

"ఉప్పు తక్కువైంది చెల్లీ" అన్నాడు.

అమ్మ నావ మధ్యలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలీకుండా ఊగిపోయింది. అందరి చేతులూ ఒక్కసారిగా ఆకుల్లో పడ్డాయి. ఉప్పు కోసం గిన్నె చేతులు మారింది. నాకు అన్నం మీద అంత ఇష్టం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. మూడుసార్లు వడ్డించుకున్నాను, పెళ్ళికూతురన్న సిగ్గు కూడా లేకుండా. నాన్న మావయ్య పక్కన కూర్చుని తిన్నాడు. ఒకసారి మావయ్య తన ఆకులోంచి మాంసం ముక్క తీసి నాన్న ఆకులో వేశాడు.

భోజనాలయ్యాక అత్త నన్ను నావ వెనక భాగానికి పిలిచింది. మడత విప్పని పసుపు అంచు చీర తీసింది, మూలలకి పసుపు రాసి ఉంది. తడిసిన నా బట్టల మీదే చుట్టడం మొదలుపెట్టింది. నేను ఊరికే నిలబడి చుట్టూ చూశాను. నావ చెక్కలు తోమి తోమి తెల్లగా ఉన్నాయి. చేపల వాసన లేదు. కింద పరిచిన తుంగచాపలు కొత్తవి, అంచులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. కడిగి తుడిచిన ఆకులు. మేనమామ చీర. నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళని గట్టెక్కించడానికి పరుగెత్తుకొచ్చేవాడు చీర తెచ్చుకుంటాడా? అప్పుడు నాకు అత్త వేళ్ళు గుర్తొచ్చాయి, కణుపు కణుపుకీ రెండుసార్లు తిరిగిన ఆ బొటనవేలు.

"అత్తా, నువ్వు ఆ రోజు లెక్కపెట్టింది తిథా?"

"మరేంటనుకున్నావు?" అంది కుచ్చిళ్ళు పెడుతూ.

"తెలిసీ చెప్పలేదా? పిల్లాపాపా నీళ్ళలో నిలబడ్డాం. ఎంత భయపడ్డామో తెలుసా?" నాకు నిజంగానే కోపం వచ్చింది.

"పొద్దుటి నుంచీ ఆ మలుపులోనే ఉన్నాం. మీ మావయ్య మీ మీంచి కళ్ళు తిప్పలేదు." కుచ్చిళ్ళు దోపి, వెనక్కి జరిగి, చీర సరిగ్గా ఉందో లేదో చూసింది. "ఒట్టు సంగతి అలా ఉంచు, వెలేసిన వాళ్ళ పంక్తిలో కూర్చుంటే కులం ఊరుకోదు. నీళ్ళలో ఉన్నవాళ్ళని ఎక్కించుకోవద్దని ఏ కులపెద్దా అనలేడు. నావలో ముద్ద తినొద్దనీ అనలేడు. ముందే చెప్తే మీ నాన్న చోటు మార్చేసేవాడు. అప్పుడు మీ మావయ్య ఎక్కడ కూర్చుని తినేవాడే?"